సర్వే తేల్చిన లోటు – ఇంటి బేరం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘంవారు ఈ ఏడు మమ్మల్ని "ఏదైనా పనికొచ్చే విషయం మీద నాలుగు ముక్కలు చెప్పండి మాస్టారూ" అని కోరారు. చదువుల మీద, కట్నకానుకల మీద, ఆరోగ్యం మీద మన సభల్లో చాలా ప్రసంగాలు జరిగాయి. జరగవలసినవే. కాని సగటు కుటుంబం జన్మలో ఒక్కసారి చేసే అతి పెద్ద ఖర్చు గురించి మాత్రం వేదికెక్కి ఎవరూ మాట్లాడరు. అదే ఇల్లు కొనడం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొని చూడు అనే మూడో మాట కూడా దానికి కలపాలని మా అభిప్రాయం. బేరం కుదిరి, బయానా ఇచ్చి, తీరా సర్వే చేయిస్తే స్థలం తక్కువ వచ్చి, గోడలో లోపం బయటపడితే ఏం చేయాలి? వదులుకోవాలా, గొడవ పడాలా, నోరు మూసుకుని కొనుక్కోవాలా? ఈ సంగతే ఇవాళ మనవి చేయదలచుకున్నాము.

మేము ఉర్దూ మీడియం పంతులం. ఇంటి కొనుగోలుకీ ఉర్దూ పంతులుకీ సంబంధం ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. సంబంధం ఉంది. రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద రోజంతా వినపడే మాటలు చూడండి: దస్తావేజు, హద్దు, కబ్జా, ఖరారు, నకలు, రాజీ, తకరారు, మరమ్మతు. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలే. దస్త్ అంటే చెయ్యి. చేతితో పట్టుకునే ఆధారం దస్తావేజు. బై అంటే అమ్మకం. అమ్మకానికి గుర్తుగా ముందు ఇచ్చేది బయానా. జరీబు అంటే నేల కొలిచే గొలుసు. లోపానికి మన పల్లెల్లో ఇప్పటికీ ఐబు అనే అంటారు. మాటలు మన నోట్లో ఉన్నాయి గాని, వాటి అర్థం తెలుసుకోకుండా సంతకాలు పెట్టేస్తున్నాం. చిక్కంతా అక్కడే వస్తోంది.

కొండ మీద ఇల్లు ఎందుకు కొనకూడదు?

మా కుటుంబం రాజవొమ్మంగిది. చిన్నప్పుడు మేము పెరిగింది ఆ కొండల నీడనే. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు తన మనుషులతో వచ్చి తుపాకులు పట్టుకుపోయిన పోలీసుఠాణా ఉన్న ఊరు అది. అంతకు ముందు రెండు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట ఠాణాలయ్యాయి, మూడోది రాజవొమ్మంగి. ఆ తిరుగుబాటు వెనుక అడవి మీద ఆంక్షలున్నాయి, వెట్టిచాకిరీ ఉంది, గిరిజనుల నేల పరుల చేతికి జారిపోతున్న బాధ కూడా ఉంది.

ఈ చరిత్ర ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. మనవాళ్ళు కొందరు సంతల్లో గుడ్డలమ్ముకుంటూ, దర్జీ పని చేసుకుంటూ తరతరాలుగా ఏజెన్సీలో బతుకుతున్నారు. నాలుగు డబ్బులు వెనకేసుకోగానే "ఇక్కడే ఒక ఇల్లు కొనేస్తే పోలా?" అని అనుకుంటారు. కొనడానికి వీల్లేదు. 1917లోనే ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా ఒక చట్టం వచ్చింది. తరువాత 1959లో 1వ రెగ్యులేషన్ వచ్చింది. దానిని 1970లో సవరించారు. జనం నోట్లో ఉన్న 'వన్ ఆఫ్ సెవెంటీ' అదే. దాని ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనుడికి గాని, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గాని తప్ప మరొకరికి బదిలీ చేస్తే ఆ బదిలీ చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా సరే, కొనేవాడు గిరిజనుడై ఉండాలి. అమ్మకమే కాదు; దానం, మారకం, తాకట్టు, కౌలు, ఆఖరికి వాటి కోసం రాసుకున్న ఒప్పందం కూడా బదిలీ అనే మాటలోకే వస్తాయి. సుప్రీంకోర్టు 1988లో రామిరెడ్డి కేసులో ఈ శాసనం సరైనదేనని తేల్చింది. 1997లో సమత కేసులో ఇంకా ముందుకు వెళ్ళి, ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతంలోని తన భూమిని గనుల కోసం గిరిజనేతరులకు ఇవ్వకూడదని చెప్పింది.

కాబట్టి స్టాంపు కాగితం మీద రాయించుకున్నాం, నోటరీ చేయించాం, పెద్దమనుషులు సంతకాలు పెట్టారు అంటే లాభం లేదు. తెలిసిన గిరిజనుడి పేరు మీద కొని మనం ఉందామనే బినామీ ఆలోచన అసలే వద్దు. అది చట్టానికి విరుద్ధం, వాళ్ళకూ మనకూ మధ్య ఉన్న నమ్మకానికి కూడా విరుద్ధం. వాళ్ళ సంతలో మన రొట్టె దొరికింది. వాళ్ళ నేలకు కట్టిన కంచెను మనం దాటకూడదు. కొండ మీద బతికే మనవాడు సొంత ఇల్లు కావాలంటే మైదానానికి దిగవలసిందే. ఇటు అడ్డతీగల మీదుగా ఏలేశ్వరం, అటు కృష్ణదేవిపేట మీదుగా నర్సీపట్నం. అలా దిగినవాళ్ళకు మైదానం లెక్కలు కొత్త. అందుకే ఈ ప్రసంగం.

గొలుసు లెక్క

ముందు కొలత సంగతి తెలుసుకుందాం. మన పాత దస్తావేజులు ఎకరాలు, సెంట్లలో ఉంటాయి. ఎకరానికి నూరు సెంట్లు. సెంటుకు 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. ఈ బేసి లెక్క ఎక్కడిది? ఇంగ్లండులో 1620లో గుంటర్ అనే గణితశాస్త్రజ్ఞుడు 66 అడుగుల గొలుసు తయారు చేశాడు. దానికి నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆ గొలుసే ఇంగ్లీషువాళ్ళతో మన దేశానికి వచ్చి, మన పొలాలన్నీ కొలిచింది. సర్వే ఆఫీసులో ఉండే ఎఫ్.ఎం.బి. పుస్తకంలో పాత పటాల మీద ఉండే అంకెలు చాలావరకు లింకులే. వాటిని అడుగులనుకుంటే కొంప మునుగుతుంది.

సగం గొలుసు వెడల్పు, ఒక గొలుసు పొడవు ఉన్న స్థలం సరిగ్గా ఐదు సెంట్లు. 33 అడుగులను 66తో హెచ్చవేయండి, 2,178 చదరపు అడుగులు, 242 గజాలు. మన చిన్న పట్టణాల్లో ఐదు సెంట్ల స్థలాలు చాలా ఉంటాయి. ఇప్పుడు చెప్పబోయే స్థలమూ అలాంటిదే.

ఏలేశ్వరం ఇల్లు

2021లో మా పెద్దన్నయ్య, మేము భాయ్‌జాన్ అంటాం, ఏలేశ్వరంలో ఒక పాత స్లాబు ఇల్లు చూశారు. ఆయన ముప్ఫయ్యేళ్ళుగా రాజవొమ్మంగి, జడ్డంగి, అడ్డతీగల సంతలు తిరిగి గుడ్డలమ్మినవారు. ఆడపిల్ల కాలేజీ చదువుకొచ్చింది. ఆయన దాచుకున్నది, భాభీగారి గాజులు, మా జీతం మీద సొసైటీ అప్పు, అన్నీ కలిపితే 24,75,000 రూపాయలు. అంతకు మించి ఒక్క రూపాయి పుట్టే దారి లేదు. ఇల్లు ధర 23,00,000 కుదిరింది. స్థలం గజం 6,000 లెక్కన 242 గజాలకు 14,52,000. పాత కట్టడానికి మిగతా 8,48,000. రిజిస్ట్రేషను ఖర్చులు నూటికి ఏడున్నర చొప్పున 1,72,500. మొత్తం 24,72,500. చేతిలో మిగిలేది 2,500.

బయానా 25,000 మాత్రమే ఇచ్చి, ఒప్పంద కాగితంలో ఒక వాక్యం రాయించాం. ప్రభుత్వ సర్వేయరు కొలతలోను, మేస్త్రీ పరీక్షలోను లోటు తేలితే వెల మళ్ళీ మాట్లాడుకోవాలి. మాట కుదరకపోతే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వాలి. మధ్యవర్తి మొహం చిట్లించాడు. "ఇలాంటివి ఎవరూ రాయరండీ మాస్టారూ" అన్నాడు. రాయకపోతే బయానా లేదన్నాం. అమ్మే పెద్దాయన "రాస్తే రాయండి, నా స్థలం బంగారం" అని సంతకం పెట్టారు. అబద్ధం చెప్పాలనే ఉద్దేశం ఆయనకు ఉందని మేము ఇప్పటికీ అనుకోవడం లేదు.

సర్వేయరు వచ్చి టేపు లాగాడు. వెడల్పు 33 అడుగులు ఉంది. పొడవు 60 అడుగుల దగ్గర ఆగిపోయింది. ఇరవయ్యేళ్ళ కిందట వెనకింటివాళ్ళు వంటింటి గోడ కట్టుకున్నప్పుడు ఆరడుగులు ఇవతలికి వచ్చేశారు. అప్పట్లో ఎవరూ కొలవలేదు, ఎవరూ అడగలేదు. 33 ఇంటు 60, 1,980 చదరపు అడుగులు. అంటే 220 గజాలు. 22 గజాల లోటు.

మరునాడు మేస్త్రీని తీసుకెళ్ళాం. వంటింటి కప్పుకు కొత్తగా సున్నం వేసి ఉంది. మేస్త్రీ చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది. ఇంకోసారి తట్టేసరికి పెచ్చు ఊడి పడింది. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బిపోయి ఉంది. రెండు ద్వారబంధాలకు చెద. వంటింటి స్లాబు మళ్ళీ వేయడానికి 1,10,000, చెద మందుకూ ద్వారబంధాలకూ 58,000 అవుతుందని కాగితం మీద రాసిచ్చాడు. మొత్తం 1,68,000.

ఆ రాత్రి భాయ్‌జాన్ అన్నం ముట్టలేదు. "ఇంక వదిలేద్దాం" అన్నారు. భాభీగారు మాత్రం, "వదిలేయడానికి ఒక్క నిమిషం చాలు. ముందు లెక్క వేయండి" అన్నారు. ఆ మాట మాకు నచ్చింది.

ముందు ఇంట్లో లెక్క

సోదరులారా, బేరానికి వెళ్ళే ముందు ఇంట్లో ఒక అంకె తేల్చుకోవాలి. ఆ అంకె దాటితే లేచి వచ్చేస్తామని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి. మా దగ్గరున్నది 24,75,000. అందులో మరమ్మతు 1,68,000 పక్కన పెట్టాలి. మిగిలిన దానిలో వెల, దాని మీద ఏడున్నర శాతం ఖర్చు ఇమడాలి. లెక్క వేస్తే సుమారు 21,46,000 వచ్చింది. అది మా గీత. ఆ గీత ఎదుటివారికి చెప్పనవసరం లేదు. మనకు తెలిసి ఉంటే చాలు. గీత లేని మనిషి బేరంలో ఎదుటివారి మాటతో ఊగిపోతాడు, కోపం వస్తే మంచి ఇల్లు పోగొట్టుకుంటాడు, మొహమాటమొస్తే డబ్బు పోగొట్టుకుంటాడు.

మూడు కూర్చోళ్ళు

మొదటిసారి కూర్చున్నప్పుడు పెద్దాయనకు కోపం వచ్చింది. "నా ఇంట్లో తప్పులు పట్టడానికి వచ్చారా?" అన్నారు. "మీ తప్పని మేము అనట్లేదు బాబాయిగారూ, టేపు చెప్పింది, సుత్తి చెప్పింది" అన్నాం. మధ్యవర్తి కలగజేసుకుని, "పోనీ ఓ యాభై వేలు తగ్గించేసి ముగించేద్దాం" అన్నాడు. ఇది మన బేరాలన్నిటిలో జరిగేదే. గుత్తగా ఒక అంకె పడేస్తారు. అది దేనికి తగ్గించారో ఎవరికీ తెలీదు. మేము ఒప్పుకోలేదు, కాదని తగవు కూడా పడలేదు. సర్వే పటం నకలు ఒకటి, మేస్త్రీ రాసిచ్చిన కాగితం నకలు ఒకటి ఆయన బల్ల మీద పెట్టి, "మీ అబ్బాయికి కూడా చూపించండి, వారం ఆగి వస్తాం" అని లేచాం. కోపంలో ఉన్న మనిషికి అంకె చెప్పకూడదు, కాగితం ఇచ్చి రావాలి.

రెండోసారి కూర్చున్నప్పుడు పెద్దాయన తయారుగా ఉన్నారు. "నా దస్తావేజులో ఐదు సెంట్లుంది. నేను మీకు ఐదు సెంట్లే రాసిస్తాను. ఆ ఆరడుగులు కోర్టులో వేసి తెచ్చుకోండి. హద్దులైతే సరిపోయాయిగా?" అన్నారు. మన కుటుంబాలు పడిపోయేది ఇక్కడే. కాగితంలో ఎక్కువ రాసిస్తానంటే లాభమనుకుంటాం. కాని ఆలోచించండి. కొలతకూ హద్దులకూ తేడా వచ్చినప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి. హద్దుల మధ్య ఉన్నది 220 గజాలైతే, కాగితం మీద 242 ఉన్నంత మాత్రాన నేల పెరగదు. పైగా 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం 12 ఏళ్ళకు మించి ఒకరు బాహాటంగా, అసలు హక్కుదారును కాదని, అడ్డులేకుండా అనుభవిస్తే ఆ నేల మీద వాళ్ళు హక్కు చెప్పుకునే వీలుంది. అక్కడ గోడ లేచి ఇరవయ్యేళ్ళు. అంటే 1,32,000 పెట్టి ఒక దావా కొనుక్కోవాలి. దానిమీద రిజిస్ట్రేషను ఖర్చు 9,900 కూడా కట్టాలి.

ఇంకో మాట కూడా ఉంది. ఆ వెనకింట్లో ఉన్నది భర్త పోయిన ఆవిడ, ఇద్దరు చిన్న మనవలు. ఆ ఆరడుగులు కావాలంటే ఆవిడ పొయ్యి ఉన్న గోడ కూలగొట్టాలి. భాయ్‌జాన్ అప్పటిదాకా మాట్లాడలేదు. "బాబుగారూ, నేను ఇల్లు కొనడానికొచ్చాను, పక్కింటితో పగ కొనడానికి రాలేదు. ఉన్న నేలకే డబ్బు తీసుకోండి" అన్నారు. ఆయన సంతలో గుడ్డ కొలిచే మనిషి. గజం తక్కువైతే డబ్బు తక్కువ తీసుకోవడం ఆయనకు తెలిసిన ఒకే ఒక్క లెక్క. పెద్దాయన కాసేపు కిటికీ వైపు చూసి, "రేపు రండి" అన్నారు.

మూడోసారి కాగితాన్ని మూడు భాగాలు చేశాం.

ఒకటి, కొలత లోటు. ఇది అంకె, ఇందులో వాదన లేదు. 22 గజాలు, గజం 6,000 లెక్కన 1,32,000. పెద్దాయన ఒప్పుకున్నారు.

రెండు, కంటికి కనపడని లోపం. వంటింటి స్లాబు. సున్నం వేసి ఉంది గనుక మేము చూసి తెలుసుకునే వీల్లేదు. పెద్దాయన, "పాతికేళ్ళ స్లాబు బాబూ. కొత్తది వేయించుకుంటే ఇంకో ముప్ఫయ్యేళ్ళు మీరే వాడుకుంటారు. దాని డబ్బంతా నేనెందుకివ్వాలి?" అన్నారు. ఆలోచిస్తే అది న్యాయమైన మాటే. పాతదానికి పాత వెల, కొత్తదానికి కొత్త లాభం. సగం సగం అనుకున్నాం, 55,000.

మూడు, కంటికి కనపడ్డ లోపం. చెద పట్టిన ద్వారబంధాలు. ఇల్లు చూడడానికి వెళ్ళిన మొదటి రోజే అవి కనపడ్డాయి. వాటిని చూసే 23,00,000 అన్నాం. దానికి మళ్ళీ డబ్బు తగ్గించమనడం ధర్మం కాదు. ఆ 58,000 మేమే వదిలేశాం. మేము వదిలేయడం చూసి పెద్దాయన మెత్తబడ్డారు. తగ్గింపు 1,87,000, వెల 21,13,000 అయింది. ఆయనే "ఆ మూడు వేలు కూడా తీసేయండి" అన్నారు. 21,10,000కు ఖరారైంది. రిజిస్ట్రేషను 1,58,250, మరమ్మతు 1,68,000 కలిపితే 24,36,250. మా గీతకు లోపలే ఉంది.

దస్తావేజులో పాత దస్తావేజు ప్రకారం 242 గజాలనీ, ప్రస్తుతం కొలవగా హద్దుల మధ్య ఉన్నది 220 గజాలనీ, అమ్ముతున్నది ఆ 220 గజాలేననీ స్పష్టంగా రాయించి, సర్వే పటం జత చేయించాం. గాజులు ఇచ్చిన చేతికి హక్కు ఉండాలి గనుక భాయ్‌జాన్, భాభీగార్ల ఇద్దరి పేర్లా రిజిస్టరు చేయించాం. పెద్దాయన తాళాలిచ్చేటప్పుడు మోటారు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో, వానాకాలంలో ఏ తూము శుభ్రం చేయించాలో దగ్గరుండి చూపించి వెళ్ళారు. గొడవ పడి కొన్న ఇంట్లో ఈ సంగతులు ఎవరు చెబుతారు? పోరు నష్టం, పొందు లాభం అన్నది ఊరికే పుట్టిన సామెత కాదు.

చట్టం, ధర్మం

మేము మూడు భాగాలు చేసిన పద్ధతి మా సొంత తెలివి కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షనులో ఇదే ఉంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవాడు దాన్ని చెప్పి తీరాలి. మామూలు జాగ్రత్తతో కనపడేదాన్ని చూసుకోవలసిన పూచీ కొనేవాడిది. హక్కు పత్రాలు అడిగినప్పుడు చూపించడం కూడా అమ్మేవాడి విధి. అదే చట్టం 54వ సెక్షను ప్రకారం అమ్మకపు ఒప్పందం ఒక్కటే ఆస్తి మీద హక్కు ఇవ్వదు. రిజిస్టరయ్యేదాకా ఇల్లు మనది కాదు.

మన ధర్మంలో ఈ సంగతి ఇంకా పాతది. ప్రవక్తవారు (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందనీ, తడిసినది జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని మందలించారనీ మనందరికీ తెలిసిన ఉదంతం. సున్నం వేసిన స్లాబు ఆ తడి ధాన్యం లాంటిదే. ఇది కొనేటప్పుడు మాత్రమే గుర్తుకొచ్చే పాఠం కాకూడదు. రేపు మనమే ఇల్లు అమ్మవలసి వస్తే సున్నం వేసే ముందు కొనేవాడికి ఆ పెచ్చు చూపించాలి.

ఎప్పుడు వదులుకోవాలి?

అన్ని లోపాలూ డబ్బుతో సరిపోవు. మా అనుభవంలో, పెద్దల దగ్గర విన్నదానిలో, మూడు చోట్ల బేరం ఆడకూడదు, లేచి వచ్చేయాలి. అమ్మేవాడి హక్కులోనే తకరారు ఉంటే, అంటే అన్నదమ్ముల పంపకం తెగకపోతే, ఆడపడుచుల వాటా తేలకపోతే, ఎంత తగ్గించినా కొనకూడదు. స్థలంలో కొంత ప్రభుత్వ పోరంబోకో, చెరువుగట్టో, రోడ్డు పోరంబోకో కలిసి ఉంటే కొనకూడదు. పునాది కుంగి గోడ మూల నుంచి మూలకు ఏటవాలుగా చీలితే, ఇంజనీరు చూసి సరే అనేదాకా కొనకూడదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

కొలత తక్కువ వస్తే కంగారు పడనక్కరలేదు. అది చాలాచోట్ల ఉన్నదే. మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే మొదలుపెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ 24న కేంద్రం గ్రామకంఠాల్లోని ఇళ్ళను డ్రోనులతో కొలిచే స్వామిత్వ పథకం ప్రారంభించింది. పాత గొలుసు కొలతకూ కొత్త కొలతకూ తేడాలొచ్చి ఎన్నో ఊళ్ళలో అర్జీలు పడ్డాయి. గ్రామకంఠం ఇళ్ళకైతే పాత పటాల్లో విడివిడి కొలతలే ఉండవు. నాలుగు హద్దులే ఆధారం. కాబట్టి కాగితంలో ఎంతుందో చూసి గజం లెక్క కట్టకండి. టేపు పట్టించి, ఉన్నదానికి కట్టండి.

సంఘానికి మా మనవి

చివరగా సంఘంవారికి రెండు మాటలు. మనలో ఇల్లు కొనేవాళ్ళు ఎక్కువగా రెక్కల కష్టం మీద బతికేవాళ్ళు. వాళ్ళు రిజిస్ట్రారాఫీసుకు వెళ్ళేది జన్మలో ఒక్కసారే. మధ్యవర్తి అక్కడికి రోజూ వెళ్తాడు. ఆ ఒక్కసారి వాళ్ళ పక్కన తెలిసినవాడు ఒకడుంటే చాలు. సంఘంలో ఒక రిటైరైన రెవిన్యూ ఉద్యోగి, ఒక నమ్మకమైన మేస్త్రీ, చదవడం రాయడం బాగా వచ్చిన ఇద్దరు యువకులు కలిసి ఒక చిన్న బృందంగా ఏర్పడితే బాగుంటుంది. బయానా ఇచ్చే ముందు ఎవరు పిలిచినా వెళ్ళి ఈ నాలుగూ చూడాలి: ఊరు ఏజెన్సీలో ఉందా, మైదానంలోనా, అమ్మేవారి హక్కు పత్రాలు, ఇ.సి. సరిగా ఉన్నాయా, నేల కొలత కాగితంతో కలిసిందా, కప్పు, గోడ, పునాది ఎలా ఉన్నాయి. దీనికి ఖర్చేమీ లేదు. సంఘం గదిలో ఒక మంచి టేపు, ఒక సుత్తి, ఒప్పందంలో రాయించవలసిన ఆ ఒక్క వాక్యం నకలు ఉంటే చాలు.

రెండో మాట యువకులకు. బేరమంటే గొంతు పెంచడం కాదు. తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడం, ఎదుటివాడి మాటలో న్యాయం ఉంటే ఒప్పుకోవడం, మన గీత దాటితే సలాం చెప్పి లేవడం. ఇవి మూడూ వస్తే ఇల్లు వస్తుంది. ఆ ఇల్లు రాకపోయినా చేతిలో డబ్బు మిగులుతుంది, ఊళ్ళో మాట మిగులుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.